చేతిఫోనులో గ్రామ కచ్చేరి
(సాలూరు రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పాచిపెంట కొండ గ్రామమునుండి ఒక కాగితము కొరకు దిగివచ్చిన మనిషికి ఆ దినపు కూలి పోవును, బస్సు ఖర్చు అగును. అధికారి క్యాంపునకు వెళ్ళియున్నచో మరల రావలెను. ఈ తిరుగుడు తగ్గించుటకు ప్రభుత్వము మన చేతిఫోనునే కచ్చేరిగా చేయ ప్రయత్నించుచున్నది. దానిని రైతు ఎట్లు వాడుకొనవలెనో, ఎచ్చట జాగ్రత్తపడవలెనో మనవి చేసెదను.

2024 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వము వాట్సాపును నడుపు మెటా సంస్థతో ఒప్పందము చేసికొన్నది. 2025 జనవరి 30న 'మన మిత్ర' అను పేర 161 సేవలతో ఈ ఏర్పాటు ఆరంభమైనది. తరువాత మరికొన్ని చేరినవి. 95523 00009 అను సంఖ్యకు 'హాయ్' అని పంపినచో సేవల పట్టిక వచ్చును. రెవిన్యూ పత్రములు, విద్యుత్తు బిల్లు, బస్సు టికెట్టు మొదలైనవి అందులో గలవు. ఫిర్యాదు కూడ చేయవచ్చును.

1963లో విశాఖపట్టణము రేడియో కేంద్రము వచ్చినది. రేడియో చెప్పును, మనము వినెదము. మన మాట దానికి వినబడదు. ఈ క్రొత్త సాధనమునకు మనము చెప్పవచ్చును. దీని విలువ అదియే. అయితే చెప్పవలసిన వేళ చెప్పకున్నచో ఏమగునో ఒక ఉదాహరణ వినుడు.

నేనెరిగిన ఒక రైతు మొక్కజొన్న వేసెను. ఈ-పంట నమోదులో వరి అని పడెను. జాబితాను ఊరి వాట్సాపు గ్రూపులో పెట్టిరి. పండుగ శుభాకాంక్షల బొమ్మల క్రింద అది మరుగునపడెను. గడువు తీరిన పిమ్మట గాని అతడు చూడలేదు. వర్షములకు పంట పడిపోయినప్పుడు నష్టపు జాబితాలో అతని మొక్కజొన్న లేదు. ఆ గ్రూపులో నేనును ఉంటిని; ఆ జాబితాను నేనును తెరువలేదు. అందుచేతనే ఈ క్రింది మాటలు గట్టిగా చెప్పుచున్నాను.

1. నమోదు కాలములో దినమున కొకసారి గ్రూపు చూడుడు. మీ పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణము సరిచూచుకొనుడు. తప్పున్నచో గడువులోపల రైతు సేవా కేంద్రములో వ్రాతపూర్వకముగా తెలుపుడు.

2. ఫిర్యాదు చేసినప్పుడు వచ్చు సంఖ్యను పుస్తకములో వ్రాసికొనుడు. ఫోను పోయినను సంఖ్య పోరాదు.

3. తెగులు చూపుటకు ఫోటో పంపునప్పుడు ఆకు ఒక్కటియే చాలదు. సుడిదోమ వరి దుబ్బు మొదట ఉండును. దుబ్బును విడదీసి మొదలు చూపవలెను. 2018లో మన దేశములో కనబడిన కత్తెర పురుగు మొక్కజొన్న మొవ్వులో దాగును. మొవ్వు విప్పి చూపవలెను. విత్తిన తేదీ, చల్లిన మందు కూడ వ్రాయుడు.

4. ధాన్యము అమ్ముటకు వాట్సాపులో వేళ నిర్ణయించుకొను వీలు 2024 ఖరీఫులో వచ్చినది. కాని వాట్సాపు ధాన్యమును ఆరబెట్టదు. తేమ 17 శాతమునకు మించకుండ కల్లములోనే చూచుకొనుడు.

5. పీఎం కిసాన్ సొమ్ము పేర వచ్చు ఫైళ్ళను తెరువవద్దు. ఓటీపీ ఎవ్వరికిని చెప్పవద్దు. ప్రభుత్వ సంఖ్యను మీరే ఫోనులో వ్రాసి ఉంచుకొని, దానికే పంపుడు.

ఇక ఒక మాట అధికారులకు. మన కొండ గ్రామములలో సిగ్నలు అందని చోట్లు గలవు. పెద్ద ఫోను లేని ముసలివారు, భర్త చేతిలోనే ఫోను ఉన్న స్త్రీలు గలరు. వారును రైతులే. కావున గ్రూపులో పెట్టిన ప్రతి జాబితాను సచివాలయపు గోడకును అంటింపవలెను. సంతలో చాటింపు వేయవలెను. ఫోను పనిని తగ్గింపవలెనే గాని, ఫోను లేనివానిని తగ్గింపరాదు.

చదువరులగు మీకొక విన్నపము. నమోదు కాలములో మీ జాబితా చూచుకొన్న పిమ్మట, ఇరుగు పొరుగున ఫోను లేని ఇద్దరి పేర్లు కూడ చూచిపెట్టుడు. ఐదు నిమిషముల పని. ఒక కుటుంబపు ఏడాది కష్టము నిలుచును.