పెరట్లో ఒక మడి

అక్కలారా, అమ్మలారా!

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. సంత లేదు, కూలి లేదు. మా అమ్మ పెరట్లో చిన్న మడి కట్టింది. తోటకూర విత్తనాలు ఇసుకలో కలిపి చల్లింది. బియ్యం కడిగిన నీళ్లు పోసింది. నెల రోజులకే కూర కోతకొచ్చింది. మొక్క పీకలేదు. మొదలు ఉంచి కోసింది. మళ్లీ చిగురేసింది.

ఇంట్లో అందరికీ పెట్టి, అడుగున మిగిలింది తినేది మనమే. రక్తం తగ్గేదీ ఎక్కువగా మనకే. ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది. అది రక్తానికి కావాలి. కూర దింపాక నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి బాగా అందుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దు.

మీరూ ఒక మడి కట్టండి. విత్తనాలు చల్లిన తేదీ గోడ మీద మీ చేత్తో రాయండి. కూర వండిన రోజు ముందు మీ కంచంలో వడ్డించుకోండి.