గోగునార: ఊరవేయుటలో మెలకువలు
(మల్కాపురంలో రైతు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మల్కాపురంలో వ్యవసాయోపన్యాసమేమిటని వచ్చేటప్పుడు ఒక మిత్రుడు నన్ను అడిగినాడు. ఒక ప్రక్క చమురు శుద్ధి కర్మాగారము, ఇంకొక ప్రక్క ఓడలు కట్టే షిప్ యార్డు. అయినను ఇక్కడ కూర్చున్నవారిలో చాలమందికి విజయనగరం వైపునో శ్రీకాకుళం వైపునో ఎకరమో రెండెకరములో మెట్టభూమి ఉన్నది. నెలకొకసారి రైలెక్కి వెళ్ళి చూచి వచ్చుచున్నారు. ఆ భూమిలో తాతల నాటి నుండి పండిన గోగును ఇక మానివేయవలెనా అన్నది మీరు నా ముందుంచిన ప్రశ్న.

దానికి ముందు, ఇంతకు మునుపు ఒక కుర్రవాడు అడిగినదానికి జవాబు చెప్పెదను. "లినెన్ చొక్కా అంత ధర పలుకుచున్నది గదా, మనమే అవిసె వేసి నార తీయరాదా?" అని అతని సందేహము. అవిసె మనకు కొత్త మొక్క కాదు. కాని మనము పండించునది గింజ కొరకు. ఆ రకములు పొట్టిగా ఉండి కొమ్మలు వేయును. నార రకములు నడుము ఎత్తున కొమ్మలు లేకుండ నిటారుగా పెరుగవలెను. అందుకు ఉత్తర ఫ్రాన్సు, బెల్జియంలలో ఉండునట్టి చల్లని, తేమగల వాతావరణము కావలెను. అక్కడ సుమారు నూరు రోజుల పైరును కోయరు. నార పొడవు పోకుండ వేళ్ళతో పెరికి వేయుదురు. ఇంకొక భేదము కూడ ఉన్నది. అవిసె నారలోని ఒక్కొక్క కణము రెండు మూడు సెంటీమీటర్ల పొడవుండును. మన గోగులో అది కొద్ది మిల్లీమీటర్లే. అందుచేతనే అవిసె నూలు సన్నని బట్టకు వచ్చినది, గోగునార గోనెకు, పురికొసకు వచ్చినది. గోగుతో లినెన్ నేయుదమని ఎవరైన చెప్పినచో నమ్మవద్దు.

కాని ఒక్క పనిలో ఈ రెండు పంటలును అన్నదమ్ములే. అది ఊరవేయుట. బెరడును కర్రకు పట్టి ఉంచునది పెక్టిన్ అనే జిగురు. నీటిలోని సూక్ష్మజీవులు ఆ జిగురును తినివేయగా నార విడిపోవును. బెల్జియంలో పూర్వము లీస్ నదిలో అవిసె ఊరవేసి ప్రసిద్ధికెక్కిరి. నీరు పాడగుచున్నదని తరువాత ఆ పద్ధతి మానవలసి వచ్చినది. ఇప్పుడు చాలవరకు పొలములోనే పరచి మంచులో, వానలో నాననిత్తురు. మన గోగు కర్ర బొటనవ్రేలంత లావు. దానికి నీరే శరణ్యము.

మన నారకు కూడ ఒకప్పుడు లోకములో పేరుండెను. ఇక్కడికి దగ్గరలోని భీమునిపట్నం రేవు పేరనే వర్తకులు దీనిని "బిమ్లీ" అని పిలిచిరి. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు ఈ పంట మీదనే నిలిచినవి. చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. ప్లాస్టిక్ సంచులు వచ్చినవి, పొలములలోనికి మొక్కజొన్న, నీలగిరి వచ్చినవి. 1987 నాటి చట్టము ధాన్యమునకు గోనెసంచి వాడుకను కొంత కాపాడినది. 1971లో ఏర్పడిన భారత జనపనార సంస్థ మద్దతు ధరకు నార కొనును. అయితే ఆ ధర నార తరగతిని బట్టి ఉండును. ఆ తరగతి చాలవరకు చేనులో కాదు, కుంటలో నిర్ణయమగును. నేను ఈ వేళ చెప్పదలచినది ఇదే.

సేద్యము మీకు తెలిసినదే, కనుక రెండు మాటలతో ముగించెదను. తొలకరిలో ఎకరాకు ఐదారు కిలోల విత్తనము, వరుసకు వరుసకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 10. చేనిలో నీరు నిలిచినచో మొదలుకుళ్ళు వచ్చును, కాలువ తీయుడు. చేను సగము పూతకు వచ్చినప్పుడు కోయుడు. కాయ ముదిరిన తరువాత కోసినచో నార బిరుసెక్కి, ఊరుటకును ఎక్కువ రోజులు పట్టును.

కోసిన కట్టలను మూడు నాలుగు రోజులు చేనిలోనే నిలబెట్టుడు. ఆకు అక్కడే రాలి ఎరువగును, కుంటలో కుళ్ళదు. తరువాత అందరు చేసే పొరపాటు, కట్టలను ఒకేసారి నీటిలో పడుకోబెట్టుట. మొదలు లావు, కొన సన్నము. కొన ఊరి కుళ్ళునప్పటికి మొదలు పచ్చిగానే ఉండును. అడుగున బెరడు అంటుకొన్న నారకు మొదట ధర కోయునది అక్కడనే. కనుక రెండు మూడు రోజులు మొదళ్ళు మాత్రము మునుగునట్లు నిలువుగా ఉంచి, ఆ పిమ్మట అడ్డముగా పేర్చి, పైన జానెడు నీరుండునట్లు ముంచవలెను.

ముంచుటకు బరువు దేనితో పెట్టవలెను? ఇక్కడ నా తప్పొకటి చెప్పుకొనవలెను. ఉద్యోగములో చేరిన తొలి ఏడు, ఒక ఊరిలో ప్రదర్శన కొరకు తొందరపడి చెరువుగట్టు మట్టిబెడ్డలు, అరటిబోదెలు కట్టల మీద వేయించితిని. ఇరువది రోజులకు తీయగా నార నల్లగా ఉన్నది. ఆ పెద్దాయన కోపపడలేదు. "బాబూ, నీ సదువు నా నార మీద సిరా ఒలకబోసింది" అన్నాడు. ఆయన మాట అక్షరాల నిజము. కరక్కాయ రసములో అన్నభేది కలిపి పూర్వము సిరా చేసెడివారు గదా! మట్టిలోని ఇనుము, బెరడులోని వగరు కలిసినప్పుడు జరుగునదియు అదే. ఆ ఏడు ఆయన తక్కువ తరగతి ధరకే అమ్ముకొనెను. నాటి నుండి నేను రాళ్ళు గాని, సంచిలో కట్టిన ఇసుక గాని పెట్టుడని చెప్పుచున్నాను. రాళ్ళు కట్టలకు తగులకుండ మధ్య గడ్డి పరచినచో మరియు మంచిది.

ఎన్ని రోజులు ఊరవలెనన్నది నీటి వేడిని బట్టి ఉండును. మామూలుగా రెండు మూడు వారములు. కార్తీకపు చలిలో ఇంకను ఆలస్యమగును. కాబట్టి రోజులు లెక్కపెట్టుట చాలదు. పదవ రోజు నుండి ప్రతి ఉదయము కట్ట నడుమ నుండి ఒక కర్ర లాగి, మొదట బొటనవ్రేలితో నొక్కి చూడుడు. బెరడు జారి కర్ర తెల్లగా బయటపడినచో ఆ రోజే తీయవలెను. పండుగ అని, కూలీలు రాలేదని రెండు రోజులు ఆగినచో సూక్ష్మజీవులు జిగురుతో ఆగవు, నారను కూడ పట్టుకొనును. అట్టి నార లాగగానే తెగును. మీవంటి దూరపు రైతులకు కష్టమిక్కడే. ఆ పది రోజులు ఊరిలో ఎవరో ఒకరుండి చూచే ఏర్పాటు లేనిచో, గోగు వేయవద్దని నేను నిర్మొగమాటముగా చెప్పుదును.

కుంటలో నీరు తక్కువైనచో బారక్‌పూర్‌లోని కేంద్ర పరిశోధన సంస్థ తయారు చేసిన "క్రైజాఫ్ సోనా" అను సూక్ష్మజీవుల పొడిని కట్టల పొరల మధ్య చల్లవచ్చును. దానితో ఊరు కాలము కొన్ని రోజులు తగ్గి, నార రంగు మెరుగగును. పచ్చి బెరడును యంత్రముతో ఒలిచి, బెరడు మాత్రమే ఊరవేసినను నీరు బాగుగా ఆదా అగును. త్రాగే నీటి చెరువులో, చేపల చెరువులో మాత్రము ఊరవేయరాదు. ఊరునప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చును.

నార తీయుటలో మొదళ్ళు విరిచి గుంజెడి అలవాటు కొన్ని ఊళ్ళలో ఉన్నది. పని త్వరగా అగును గాని నార చిక్కుపడును. ఒక్కొక్క కర్రనే ఒలిచినచో నార వరుసగా వచ్చును, కర్ర దడికి, పొయ్యికి నిలుచును. తేట నీటిలో జాడించి, దండెము మీద ఆరవేయుడు. నేల మీద ఆరవేసిన నారకు ఇసుక అంటును.

చివరగా విత్తనము సంగతి. పూతలో కోసిన చేను విత్తనమీయదు. గట్టు వెంబడి నాలుగు వరుసలు కోయక విడిచి, కాయలు గోధుమరంగు తిరిగిన పిమ్మట పగులకముందే కోసి ఎండబెట్టుకొనుడు. కొత్త రకపు విత్తనము కావలసినవారు ఆముదాలవలస వ్యవసాయ పరిశోధనా స్థానములో తొలకరికి ముందే అడిగి ఉంచవలెను.