అగ్నిశిలలో జలము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగపాఠము)



నీటికిని నిప్పునకును వైరమని లోకప్రసిద్ధి. భూగర్భమున మాత్రము ఈ రెండును కలిసియే యుండును. అగ్నిపర్వతము బ్రద్దలై బూడిదగా ఎగయుటకు ముఖ్యకారణము, దాని ద్రవశిలలో లీనమైయున్న జలమే. ఆ జలమును శాస్త్రజ్ఞులు కొలుచు విధము నేటి ప్రసంగవిషయము.

ఇది నెల్లూరు తీరవాసులకు దూరపు సంగతి కాదు. 2004 డిసెంబరు 26వ తేదీన ఈ తీరముపై విరుచుకొనిపడిన సునామీ సుమత్రా దీవి చెంత పుట్టినది. అచ్చట సముద్రపు అడుగుభాగము దీవి క్రిందికి క్రుంగుచున్నది. క్రుంగు శిలలు తమతో నీటిని గొనిపోవును. ఆ నీరు సోకిన వేడిశిల తక్కువ వేడిమికే కరగును. ఆ దీవిలోనే, ఇచ్చటికి సుమారు 2,400 కిలోమీటర్ల దూరమున, టోబా యను అగ్నిపర్వతము దాదాపు 74,000 సంవత్సరముల క్రిందట మహోగ్రముగా ప్రేలినది. దాని బూడిద బంగాళాఖాతము అడుగునను, భారతదేశపు పెక్కు నదీలోయలందును పడినది. బనగానపల్లె చెంతనున్న జ్వాలాపురమున, జుర్రేరు లోయలో, ఆ పొర నేటికిని కలదు. ఊరిపేరు కాకతాళీయమే గాని తగినదే!

ఆ బూడిదను సూక్ష్మదర్శినితో చూచినచో గాజుపెంకులు కనబడును. ద్రవశిల స్ఫటికములు కట్టుటకు వ్యవధిలేక హఠాత్తుగా చల్లబడి గాజైనది. ఎండినట్లు చేతికి తోచు ధాన్యమునందును తేమ యుండును. అందుచేతనే ప్రభుత్వ కొనుగోలులో అది నూటికి 17 పాళ్ళు మించరాదను నియమ మేర్పడినది. గాజురేణువులోని తేమను కాంతిచేత కొలుతురు.

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముద్వారా విడదీసి, ఎఱుపునకు ఆవల ఉష్ణమాపకము నుంచగా అచ్చట వేడి కనబడెను. అవియే కంటికి కానరాని పరారుణ కిరణములు. నీరు తనకు తగిన కిరణములను మాత్రమే మ్రింగును. గాజురేణువును రెండుప్రక్కల నునుపుచేసి, పలుచని రేకుగా దిద్ది, ఈ కిరణములను దానిగుండ పంపుదురు. 2.8 మైక్రానుల తరంగము చెంత కలుగు లోటు మొత్తము నీటిని తెలుపును. 6.1 మైక్రానుల చెంతనిది నీరు నీరుగానే యున్న భాగమును తెలుపును. మొదటిదానినుండి రెండవదానిని తీసివేయగా, గాజుతో బంధము కుదుర్చుకొన్న భాగము మిగులును. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవవంతు. విస్తీర్ణము తెలియక ఎకరపు దిగుబడి చెప్పరానట్లే, రేకు మందమును, సాంద్రతను ఎరుగక ఈ లెక్క తేలదు.

రెండుప్రక్కల నునుపుచేయ వీలులేని సూక్ష్మరేణువులకు రామన్ పద్ధతి అక్కరకు వచ్చును. 1928లో ఆ ఫలితమును కనుగొన్న చంద్రశేఖర వేంకట రామన్ బాల్యమున విశాఖపట్టణమున చదివినవారు.

ఇందొక చిక్కు కలదు. వేలయేండ్లు మట్టిలోనున్న గాజు వాననీటిని మెల్లగా పీల్చుకొనును. అది ప్రధానముగా నీటిరూపముననే చేరును గనుక, ఆ రెండు లెక్కలను వేరుగా చూచుట అవసరము. ప్రేలుటకు పూర్వపు నీటిని ఎరుగుటకు, స్ఫటికముల గర్భమున చిక్కుకొన్న గాజుబిందువులను పరీక్షింతురు. అవి మూతబిగించిన జాడీలవంటివి. ఇట్టి ద్రవశిలలందు సాధారణముగా నూటికి 4 మొదలు 6 పాళ్ళవరకు నీరుండును. అది పైకివచ్చు కొలది ఒత్తిడి తగ్గి, ఆవిరియై ఎన్నోరెట్లు పొంగి, శిలను పొడిచేయును. నీరెంత యుండెనో తెలిసినచో, ద్రవశిల ఎంతలోతున నిలిచినదో ఊహింపవచ్చును. సజీవములగు అగ్నిపర్వతముల అపాయమును గణించుటకును ఇది యక్కరకు వచ్చును.

జ్వాలాపురపు బూడిదపొరకు పైనను, క్రిందను మానవుల రాతిపనిముట్లు దొరకినవని 2007లో పెట్రాగ్లియా, కొరిశెట్టర్ మున్నగువారు ప్రకటించిరి. అంతటి ఉత్పాతమునకు పిమ్మటను మానవుడిచ్చట నిలిచెనా యను ప్రశ్నకు ఆ పొరయే సాక్షి. అట్టి బూడిదను శుభ్రపరచు పొడులకొఱకు త్రవ్వి తరలించుట జరిగినది. తాళపత్రము చెదలపాలైనచో మరల వ్రాయించుకొనుటకు వేఱొక ప్రతియైన దొరకవచ్చును. ఈ పొరకు రెండవప్రతి లేదు. గ్రంథములను కాపాడ నేర్చిన గ్రామములు భూమి వ్రాసిన గ్రంథమును సయితము కాపాడవలసియున్నవి.