గొంతు ఆపరేషన్‌లో ఊపిరి సంగతి

గొంతు ఆపరేషన్‌కు సాయం కోరితే దాతలు సర్జన్ ఫీజు ఎంతని అడుగుతారు. మత్తు డాక్టరు ఊసెత్తరు.

కడుపు కోసేటప్పుడు ఊపిరి దారికి కత్తి అడ్డం రాదు. శ్వాసనాళంలో రెండింటికీ దారి ఒక్కటే. అందుకే సన్నని గొట్టం వేస్తారు, లేదా 1967లో డాక్టర్ శాండర్స్ చూపిన పద్ధతిలో సన్నటి నాళంతో ఆక్సిజన్‌ను ఉండుండి చిమ్ముతారు. ఆ గాలి తిరిగి బయటపడే సందు లేకపోతే ఊపిరితిత్తి చిట్లవచ్చు. లేజర్ వాడితే ఆక్సిజన్ తగ్గించాలి, లేకుంటే గొట్టం అంటుకునే ప్రమాదం. దారి బాగా మూసుకుపోతే మనిషి మెలకువగా ఉండగానే, మెడకు మాత్రం తిమ్మిరిచ్చి, రంధ్రం పెట్టాల్సి రావచ్చు.

ఏ పద్ధతి అన్నది ముందే పరీక్షలో, స్కాన్‌లో తేలాలి. మన ఉదయగిరి, ఆత్మకూరు వాళ్లేమో గొంతులో ఈల మొదలయ్యాక నెల్లూరు బస్సెక్కుతున్నారు. గొంతు బొంగురు 3 వారాలు దాటితే మాకు చెప్పండి. ఆ బస్సు చార్జీ, స్కాన్ ఖర్చు ఈ ఏడు మీ సదఖా పద్దులో ముందు రాయమని అడుగుతున్నాం.