రాగి నాణెము రంగు: పంచాయతీ బాధ్యత

(సోమాజిగూడలో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగపాఠము)



మనము నేడు సమావేశమైన ఈ సోమాజిగూడకు దగ్గరలోనే సైఫాబాదు టంకశాల భవనము కలదు. 1903లో నిజాము ప్రభుత్వము అచ్చట టంకశాల నెలకొల్పినది. 1997లో నాణెముల తయారీ చర్లపల్లికి తరలినది. పాత భవనమున 2022లో ప్రదర్శనశాల తెరువబడినది. అచ్చు పడిన దినమున రాగి నాణెము ఎఱ్ఱగా మెరయును. అదే నాణెము చిరకాలము మట్టిలో నున్న పిమ్మట ఏ రంగున నుండును? దానిని మీరు ఏమని వ్రాయవలెను? ఈ రెండు సంగతులే మేము నేడు చెప్పదలచినవి.

చెరువు పూడిక తీయునపుడు, పునాది త్రవ్వునపుడు పాత నాణెములు దొరకుట మన పల్లెలలో వింత కాదు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహనుల నాణెములు మట్టిలోనుండియే లభించినవి. వానిపైని పేర్లు ఆ రాజుల చరిత్రకు సాక్ష్యములైనవి.

ఒక గ్రామమున మేము చూచిన సంగతి వినుడు. పూడికలో దొరికిన నాణెములను గూర్చి ‘పచ్చని నాణెములు’ అని కాగితము మీద వ్రాసిరి. మన భాషలో పచ్చ యనగా పసుపు కావచ్చును, ఆకుపచ్చయు కావచ్చును. విన్నవారు బంగారమనుకొనిరి. జనము గుంపులుగా వచ్చి గట్టు త్రవ్విరి. దొరికినవారు నిజము తేల్చుకొనవలెనని నాణెములను చింతపండుతో తోమిరి. రాగి ఎఱ్ఱగా బయటపడినది. అక్షరములు మాత్రము చిలుముతోపాటు పోయినవి. అవి ఏ రాజు నాణెములో ఇక చెప్పగలవారు లేరు.

కనుక రంగును విడమరచి వ్రాయుడు. గాలి సోకిన రాగి మొదట గోధుమ రంగునకు, పిమ్మట నలుపునకు తిరుగును. తేమయు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తోడైనచో ఆకుపచ్చని చిలుము పట్టును. ఒక్కొక్కచోట నీలము కూడ కనబడును. ఈ చిలుము గట్టిగా అంటియున్నచో లోని రాగికి కవచము వంటిది. లేత ఆకుపచ్చని పొడి రాలుచుండినచో మాత్రము అది మట్టిలోని ఉప్పు వలన పుట్టిన చిలుము. నాణెమును లోలోపల తినివేయును. అట్టి నాణెమును తక్కినవానితో కలుపక, తడి తగులనిచోట కాగితపు పొట్లములో ఉంచుడు. పసుపుపచ్చగా నున్నచో పసుపుపచ్చ యనియే వ్రాయుడు. ఉత్త ‘పచ్చ’ అని ఎన్నడును వ్రాయకుడు. ‘బంగారము’, ‘రాగి’ అని మీరు తేల్చవలసిన పని లేదు. కంటికి కనబడిన రంగు చాలును.

1878 నాటి భారత నిధి నిక్షేపముల చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన విలువగల నిధి భూమిలో దొరికినవారు, ఏమి దొరికినదో, ఎచట, ఎన్నడు దొరికినదో కలెక్టరుకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ఆ కాగితము వ్రాయుటలో రైతుకు తోడ్పడవలసినది మీరే.

తోమవలదు, గీకవలదు, పులుసు తగులనీయవలదు. చూచిన రంగు చూచినట్లు వ్రాసి, నాణెమును ఉన్నదున్నట్లు అప్పగింపుడు. మీ ఊరి పేరు చరిత్రలో నిలుచుటకు ఒక్క నాణెము చాలును.