తండ్రి ఇఖామా మీది పేరు



స్మారకోపన్యాసమంటే పొగడాలి. మాస్టారికి అది గిట్టేది కాదు. పగలు గోదాములో లెక్కలు రాసి, రాత్రి రియాద్ హారా పేటలోని తన రెండు గదుల ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆయన. అందుకే ఆ ఇంటి చాప మీద కూర్చున్న పిల్లల గురించే మాట్లాడతాను.

గల్ఫ్ పిల్లలంటే మన ఊళ్లలో సెంటు సీసాలూ చాక్లెట్లూ గుర్తొస్తాయి. రియాద్ బత్హాలోనో, జెద్దా షరఫియాలోనో ఓ డ్రైవరు కూతురు, ఏసీ మెకానిక్ కొడుకు ఎలా పెరుగుతున్నారని ఎవరూ అడగరు. బడి, బస్సు, గది. నాన్న కారుంటేనే ఊరు కనిపించేది. 2024 డిసెంబరులో రియాద్‌లో మెట్రో మొదలై నాలుగు రియాళ్ల టికెట్టుతో రెండు గంటలు తిరగొచ్చన్నాక, కొందరు పిల్లలు తాము పుట్టిన నగరాన్ని తొలిసారి చూశారు. నవ్వులాటకు అనడం లేదు.

ఇక డబ్బు సంగతి. 2017 జులైలో సౌదీ సర్కారు కుటుంబసభ్యుల మీద వేసే డిపెండెంట్ ఫీజు తలకు నెలకు వంద రియాళ్లతో మొదలై, ఏటా వంద పెరిగి, 2020 నాటికి నాలుగు వందలయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్లు. అదీ ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు, రెన్యువల్ నాడే ముందుగా కట్టాలి. అదే 2020 జులైలో వ్యాట్ అయిదు నుంచి పదిహేను శాతానికి ఎక్కింది. చిన్న జీతాలవాళ్లు ఒక్కొక్కరే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి భార్యాపిల్లల్ని ఊరికి పంపేశారు. తొమ్మిదో తరగతి పిల్ల సగం ఏడాదిలో బడి మారి అమ్మమ్మ ఊరు చేరింది. నాన్న ఫోన్‌లో మిగిలాడు.

అయితే అసలు దెబ్బ ఫీజు కాదంటాను. మన తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగు కన్వీనరు కోటా సీట్లలో 85 శాతం స్థానికులవి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి వస్తున్న లెక్క ప్రకారం స్థానికుడు కావాలంటే ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. పదో తరగతి ఇక్కడ ముగించి ఇంటర్‌కు వెళ్లినవాడికి రెండేళ్లే ఉంటాయి. తండ్రికి ఆ సంగతి కౌన్సెలింగు బల్ల ముందు తెలుస్తుంది! మిగిలిన 15 శాతంలో ఒక దారి ఉంది: తల్లిగానీ తండ్రిగానీ, బయట ఉద్యోగం చేసిన కాలం పోను, పదేళ్లు రాష్ట్రంలో ఉన్నట్టు చూపాలి. ఎన్‌ఐటీల్లో గల్ఫ్ కార్మికుల పిల్లలకు విడిగా కోటా ఉంది. 2022 నుంచి నీట్ రియాద్‌లోనే రాయొచ్చు. ఇవన్నీ కాగితాల మీద ఉన్నాయి. వాటిని వేళకు చదివి చెప్పే మనిషే ఆ ఇళ్లలో లేడు. మేనేజర్ల పిల్లలకు కన్సల్టెంటు ఉంటాడు, మెకానిక్ కొడుక్కి వాట్సాప్ పుకారు ఉంటుంది.

వీళ్లకంటే కింద ఇంకో వరుస ఉంది. కఫీల్, అంటే స్పాన్సరు, పారిపోయాడని హురూబ్ ఫిర్యాదు పెడితే తండ్రి పరారీ లెక్కలోకి వెళతాడు, ఇఖామా గడువు దాటుతుంది, పిల్లకు బడి తలుపు మూసుకుంటుంది. 2013లో, 2017లో సర్కారు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కాగితాలు లేకుండా బతుకుతున్న కుటుంబాలు కొన్ని బయటపడ్డాయి. అలాంటి ఇంట్లో పదిహేనేళ్ల కుర్రాడు చేసేది నాకు తెలుసు: పగలు పడుకుంటాడు, రాత్రి ఫోను చూస్తాడు. పనికి వెళ్లనివ్వరు, చదవనివ్వరు.

మన తెలుగు సంఘాలు ఏం చేయాలని మీరు నన్నడిగారు. ఉగాది వేదికకు, గాయకుడి విమాన టికెట్టుకు పెట్టే ఖర్చు నాకు తెలుసు, నేనూ చందా వేశాను, ముందు వరుసలో కూర్చున్నాను. అందులో పదో వంతు చాలు. నెలకో శుక్రవారం ఒక బల్ల, ఇద్దరు మనుషులు. ఒకరు అడ్మిషన్ నిబంధనలు తెలిసినవారు, మరొకరు రాయబార కార్యాలయానికి అర్జీ రాసిపెట్టగలవారు. బడి ఆగిన పిల్లలకు ఓపెన్ స్కూల్ ఫారాలు కూడా ఆ బల్ల మీదే ఉండాలి. ఆడపిల్లలకు ఇంటి దగ్గరే ఒక గది, కిటికీ, చదువు చెప్పే వేరే ఇంటి అక్క. అంతకు మించి పెద్ద పథకం నా దగ్గర లేదు.

మాస్టారి దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ప్రతి పేరుకూ ఎదురుగా తరగతి, పక్కనే తండ్రి ఇఖామా గడువు తేదీ. మార్కులు రాసేవారు కాదు. ఆ పుస్తకాన్ని వాళ్లమ్మాయి ఇవాళ తెచ్చి ఈ బల్ల మీద పెట్టింది. చివరి పేజీలో ఏడు పేర్లున్నాయి. అందులో ఇద్దరు ఈ ఏడాది ఎనిమిదో తరగతి.