పాతిన పన్ను, నమలెడి బరువు



అద్దంకి ప్రాంతపు నల్లరేగడిలో గుంజ పాతి ఎద్దును కట్టు రైతులకు ఒక సంగతి తెలియును. పైనుండి మోదినచో గుంజ బిగియును. ఎద్దు పక్కకు లాగిన కొలది పైమన్ను వదులగును. దవడలో పాతిన ఇంప్లాంటు పన్ను సంగతియు ఇంచుమించు ఇట్టిదే. ఒక మిరపపంట రాబడి వెచ్చించి కట్టించుకొన్న పన్ను నాలుగేండ్లకే కదలినచో ఎంత కష్టము!

1952లో స్వీడను దేశపు బ్రోనెమార్క్ పండితుడు కుందేలు ఎముకలో అమర్చిన టైటానియము ఎముకతో ఏకమగుట గమనించెను. 1965లో మొదటి రోగికి టైటానియము మరలను దవడలో బిగించెను.

సహజదంతము చుట్టును సన్నని నారపొర కలదు. అది పరుపువలె ఒత్తిడిని ఓర్చును. బరువు మీరినచో మనకు తెలియజేయును. ఇంప్లాంటునకు ఆ పొర లేదు. నమలెడి బరువు నేరుగా ఎముకపై, అందును చిగురు దాపునగల అంచుపై హెచ్చుగా పడును.

కావున వైద్యుడు పైపన్ను నమలు తలమును ఇరుకుగాను, దాని మొనలను చదునుగాను చేయును. బరువు నిలువుగ దిగవలెను, పక్కకు త్రోయరాదు. ఆధారములేని పన్నును దూరముగా వ్రేలాడనీయరాదు. పళ్ళు మెల్లగ మూసినపుడు ఇంప్లాంటు పన్ను ఎదుటిపంటిని తాకీ తాకక యుండి, గట్టిగ బిగించినపుడే తక్కినవానితో సమముగ తాకవలెను. సహజదంతములు ఒత్తిడికి కొంత దిగును, ఇంప్లాంటు దిగదు గనుక ఈ ఏర్పాటు.

అయితే బరువొక్కటే శత్రువని మేము చెప్పుట లేదు. ఎముక క్షయమునకు ముఖ్యకారణము పాచి, దానివలన కలుగు చిగుళ్ళవాపు. చుట్ట, సిగరెట్టు దానికి తోడగును. చిగుళ్ళు ఆరోగ్యముగ నున్నపుడు బరువు మాత్రమే ఎముకను హరించునా అను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. వాపునకు అధికభారము తోడైనచో నష్టము హెచ్చునని పలువురి తలంపు. మర వదులగుట, పింగాణి పగులుట మాత్రము అధికభారమువలన కలుగుట కద్దు.

మొదటి ఏట ఎముక కొంత తగ్గుట వింత కాదు. పిమ్మట ఏటికి 0.2 మిల్లీమీటరు కంటె తక్కువగ నుండవలెనని 1986లో ఏర్పడిన ప్రమాణము. ఇది ఎక్స్‌రేలోగాని తెలియదు, నొప్పి చెప్పదు.

కావున కొత్త పన్ను ముందుగా తగులుచున్నట్లు తోచినను, మర కదలినను వెంటనే వైద్యునికి చూపుడు. నిద్రలో పళ్ళు కొరుకువారు రాత్రి తొడుగు ధరింపుడు. ప్రతియేట పరీక్ష మానకుడు. గుంజ ఊడిన పిదప కాక, మన్ను వదులగునపుడే చూచుకొనుట ఇంగితము.